సెలవు పెడితే పోని బుగులు

పత్తి సీజన్ మొదలైందంటే జమ్మికుంటలో పనిచేసేవాళ్ళ ఫోన్లకు పురుసతు ఉండదు. యార్డులో గుమస్తాకు సేటు ఫోన్, జిన్నింగు మిల్లులో ఫిట్టరుకు మేనేజర్ ఫోన్, ఊళ్ళు తిరిగే ఫైనాన్సు కుర్రాడికి కలెక్షన్ ఎంతయిందని బ్రాంచి ఫోన్. మోగిన మోతకు కొందరికి చెయ్యి జేబులోకి పోకముందే గుండె దడదడ కొట్టుకుంటుంది. అరచేతులు చల్లబడతాయి, నోరెండుకుపోతుంది, కడుపులో దేవినట్టు అవుతుంది. తీరా ఎత్తితే అవతలివాళ్ళు అడిగేది లారీ నంబరు. అయినా ఒళ్ళు కుదుటపడడానికి పావుగంట పడుతుంది.

ఇంట్లో చెప్తే నాలుగు రోజులు సెలవు పెట్టి అత్తగారింటికి పోయి రమ్మంటారు. దోస్తులకు చెప్తే సాయంత్రం కల్లు దుకాణానికి రమ్మంటారు. మందుల దుకాణంలో చెప్తే ఒక గోలీ చేతిలో పెడతారు. ఈ మూడూ ఆ పూటకు పనిచేసినట్టే ఉంటాయి. మళ్ళీ డ్యూటీ ఎక్కగానే బుగులు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఎందుకట్లా అవుతుందో తెలియాలంటే తల లోపలి సంగతి కొంచెం తెలుసుకోవాలి.

చెవిన పడ్డ చప్పుడు మెదడు నడుమ ఉండే థాలమస్ అనే చోటికి చేరుతుంది. అక్కడి నుంచి రెండు దారులున్నాయి. పొడవాటి దారి పైపొర అయిన కార్టెక్స్‌కు పోతుంది. ఈ రింగు ఎవరిది, ఈ వేళప్పుడు ఎందుకు చేశారు, పొద్దున పంపిన లెక్కలో ఏమైనా తప్పుందా అని అక్కడ తేల్చుకున్నాక కబురు కిందికి వస్తుంది. పొట్టి దారి నేరుగా అమిగ్డలాకు పోతుంది. కణతల లోపలివైపు రెండు పక్కలా ఒక్కొక్కటిగా, బాదం గింజంత ఉండే కణాల ముద్ద అది. న్యూయార్క్‌లో జోసెఫ్ లెడూ 1980ల నుంచి ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో ఈ రెండు దారుల లెక్క బయటపడింది. పొట్టి దారిలో కబురు ముందే చేరుతుంది, కానీ వివరం ఉండదు. ఏదో వచ్చింది, ఇదివరకు దెబ్బ తగిలినప్పుడు విన్న చప్పుడులాగే ఉంది, అంతవరకే.

అమిగ్డలాకు అది చాలు. అక్కడి నుంచి హైపోథాలమస్‌కు, మెదడు కాండానికి ఆజ్ఞలు పోతాయి. మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, నెత్తురు కడుపు వైపు తగ్గి తొడల కండరాలకు మళ్ళుతుంది. కడుపులో తిప్పినట్టు ఉండేదీ, నోరెండేదీ అందుకే. దాని వెనక కార్టిసాల్ అనే ఇంకో హార్మోను నింపాదిగా వస్తుంది. అడ్రినలిన్ కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది గానీ కార్టిసాల్ తారస్థాయికి చేరేదే ఇరవై, ముప్పై నిమిషాలకు. ఫోన్ పెట్టేశాక కూడా ఒళ్ళు వెంటనే కుదుటపడకపోవడానికి ఇదొక కారణం. ఆ పావుగంటలో తక్‌పట్టీ రాయొద్దు, డబ్బు లెక్కపెట్టొద్దు. తప్పక రాయాల్సి వస్తే పక్కవాళ్ళతో ఒకసారి చూపించుకోండి. ఆ తప్పులే మరుసటి రోజు ఇంకో ఫోనుకు కారణమవుతాయి.

లెడూయే తరవాతి కాలంలో తన మాటను సవరించుకున్నాడు. ఈ పొట్టి దారి చేసేది ప్రమాదాన్ని పసిగట్టి ఒంటిని సిద్ధం చేయడం వరకే, నాకు భయమేస్తోందన్న ఎరుక పుట్టేది కార్టెక్స్ కూడా కలిస్తేనే అన్నాడు. అమిగ్డలాను భయకేంద్రం అని పత్రికల్లో రాస్తుంటారు కానీ అది కొంచెం తొందరపాటు. అమెరికాలోని అయోవాలో పరిశోధకులు ఎన్నో ఏళ్ళు గమనించిన ఒక మహిళకు అరుదైన జబ్బు వల్ల రెండు అమిగ్డలాలూ దెబ్బతిన్నాయి. పాములు, భూతాల కొంప, బెదిరింపులు, వేటికీ ఆమె జంకలేదు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో ఆమెకు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలి పీల్పించి చూస్తే మాత్రం ఊపిరాడక గజగజలాడిపోయింది. భయానికి మెదడులో ఒకే తలుపు లేదన్నమాట. మనకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. గుండె కొట్టుకోవడం, చెమట పట్టడం మీ అనుమతి అడిగి జరగవు. దాన్ని బట్టి మీరు పిరికివాళ్ళని తేల్చుకోనక్కరలేదు, ఎవరినీ తేల్చనివ్వనక్కరలేదు.

ఎదుట ప్రమాదం నిజంగానే ఉన్నప్పటి సంగతి వేరు. జిన్నింగు మిల్లులో అందరికన్నా పెద్ద బుగులు నిప్పు. పత్తిలో కలిసి వచ్చిన ఇనుప ముక్కో, రాయో యంత్రంలో పడి నిప్పురవ్వ లేస్తే, బేరింగు కాలితే, గుట్ట అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు. అట్లాంటి క్షణంలో కొందరు నిలుచున్న చోటే కొయ్యబారిపోతారు. తరవాత జీవితమంతా దానికి సిగ్గుపడతారు. కొయ్యబార్చేది కూడా మెదడు కాండంలోని ఒక భాగమే, అమిగ్డలా చెప్తే చేస్తుంది. వేటాడే జంతువు కంట పడకుండా కదలకుండా ఉండడం పూర్వం ప్రాణం కాపాడిన పద్ధతి. అదే సమయంలో నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, అంటే ఆలోచించి నిర్ణయం తీసుకునే భాగం, మందగిస్తుంది. కాబట్టి అప్పుడు ఆలోచిద్దాంలే అనుకోవడం కుదరదు. పనిలో చేరిన మొదటి రోజే మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూపించమని అడగండి. పని లేని వేళ ఆ స్విచ్‌ను మీ చేత్తో ఆపి చూడండి. మంటలార్పే సిలిండరు పిన్ను ఎట్లా లాగాలో ఒకసారి పట్టుకొని చూడండి. బయటికి పోయే దారిలో బేళ్ళు అడ్డం పేర్చి ఉంటే ఆ మాట సూపర్‌వైజరు చెవిన వేయండి. చేతికి అలవాటైన పని, బుర్ర పనిచేయని వేళ కూడా జరిగిపోతుంది.

ఫోనుకు పడే బుగులు అట్లాంటిది కాదు. రాత్రి పదకొండింటికి మంచంలో పడుకొని, రేపు సేటు ఏమంటాడో, సీజన్ అయ్యాక పనిలో ఉంచుకుంటాడో లేదో అని పెట్టుకునే రంది అసలే కాదు. ఎదుట ఏమీ లేదు, ఏదో రాబోతోంది, ఎప్పుడో తెలియదు. ఈ రకం ఆదుర్దాలో అమిగ్డలాకు పొరుగునే ఉన్న బీఎన్‌ఎస్‌టీ అనే చిన్న భాగానికి ఎక్కువ పాత్ర ఉందని మైకేల్ డేవిస్ ఎలుకల ప్రయోగాలతో వాదించాడు. ఆ రెంటి మధ్య హద్దు ఎంత స్పష్టమన్నది పరిశోధకులు ఇంకా తేల్చుకుంటున్నారు గానీ, అనిశ్చితి విషయంలో తగాదా లేదు. 2016లో లండన్‌లో ఒక ప్రయోగం చేశారు. తెర మీద రాళ్ళు కనబడతాయి, ఏ రాయి కింద పాము ఉందో ఊహించాలి, పాము ఉంటే చేతికి చిన్న కరెంటు షాకు తగులుతుంది. షాకు తప్పదని తెలిసినప్పటి కన్నా, తగులుతుందో లేదో సగం సగం అన్నప్పుడే జనం ఒళ్ళు ఎక్కువ చెమట పట్టింది, కంటిపాపలు ఎక్కువ విచ్చుకున్నాయి.

యార్డు గేటు దగ్గర ఇదంతా కళ్ళారా చూడొచ్చు. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధర 8 శాతం తేమ ఉన్న సరుకుకు. ఆ పైన శాతానికింత అని కోత పడుతుంది, 12 దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) తీసుకోదు. విడి పత్తి ట్రాలీ మీద నిలబడ్డ రైతు, తేమ మీటరు పత్తిలో గుచ్చిన మనిషి ముఖంలోకి చూస్తుంటాడు. అంకె పలికేదాకా అతని చెయ్యి ట్రాలీ అంచును వదలదు. పద్నాలుగు అని చెప్పేశాక తిట్టుకుంటాడు, టార్పాలిన్ మీద ఆరబోసుకోవడానికి జాగా వెతుక్కుంటాడు. నష్టమే, కానీ చేయడానికి ఒక పని దొరికింది. అతని కన్నా ఎక్కువ అవస్థ, ఆ అంకెను ఇద్దరు ముగ్గురితో చెప్పి తిట్లు తినాల్సిన గుమస్తాది, కాంటా మీద నిలబడ్డ దడ్వాయిది. వాళ్ళకు అది రోజుకు ఒకసారి కాదు, ట్రాలీకి ఒకసారి.

కాబట్టి మొదటి సలహా ఇది. తెలియనిదాన్ని వీలయినంత తెలిసినదిగా మార్చుకోండి. సీజన్ ముగిశాక పని ఉంటుందా అని ఫిబ్రవరి దాకా రంది పడడం కన్నా, డిసెంబరులోనే మర్యాదగా అడగడం మేలు. లేదనే జవాబు వచ్చినా మెదడు దానికి సర్దుకుంటుంది, వేరే పని వెతుక్కోవడానికి రెండు నెలలు చేతిలో ఉంటాయి. లెక్క చూస్తానన్న యజమానిని ఏ రోజు, ఏ పుస్తకం అని అడగండి. జీతం తేదీ, ఓవర్‌టైం రేటు, కొరత పడితే ఎవరి ఖాతాలో రాస్తారన్నది మొదట్లోనే నోటితో కాకుండా కాగితం మీద ఉండేట్టు చూసుకోండి. కనీసం వాట్సాప్‌లో ఒక ముక్క రాసి, అవునని జవాబు తెప్పించుకోండి.

ఇది చదివే సేట్లకు, మేనేజర్లకు కూడా ఒక మాట. సాయంత్రం పోయేటప్పుడు మనిషిని ఆపి, రేపు పొద్దున ఒకసారి కలువు అని ఊరుకోకండి. మీకు అది నాలుగు మాటలు, వాడికి రాత్రి నిద్ర. ఆ నిద్ర చెడితే నష్టం మీకే. ఒక రాత్రంతా మేల్కొన్నవాళ్ళకు భయపెట్టే బొమ్మలు చూపిస్తే అమిగ్డలా స్పందన 60 శాతానికి పైగా ఎక్కువగా ఉందని 2007లో అమెరికాలో మాథ్యూ వాకర్ బృందం చూపించింది. సీజన్‌లో రాత్రింబవళ్ళు నడిచే మిల్లులో అట్లాంటి మనిషి యంత్రం పక్కన నిలబడతాడు. లారీ బిల్లు గురించి మాట్లాడాలి, పదింటికి రా అంటే సరిపోతుంది.

ఇక బుగులు ఎట్లా పడుతుందో, ఎట్లా దిగుతుందో చూద్దాం. అసలు పని ఇక్కడే ఉంది.

ఎలుకకు ఒక శబ్దం వినిపించి వెంటనే పాదాలకు షాకు ఇస్తే, ఒకటి రెండుసార్లకే ఆ శబ్దానికి ఒళ్ళు బిగుసుకుంటుంది. ఆ రెంటికీ ముడి పడేది అమిగ్డలాలో. ఎక్కడ జరిగింది, గది ఎట్లా ఉంది అన్న వివరం దాని పక్కనున్న హిప్పోకాంపస్ అందిస్తుంది. యార్డులో జరిగేది ఇంతకన్నా వేరు కాదు. కొరత పడ్డ రోజున వేబ్రిడ్జి దగ్గర నలుగురి ముందు సేటు ఫోన్లో తిట్టాడనుకోండి. ఆ రింగు, ఆ వేబ్రిడ్జి, ఆ మధ్యాహ్నపు వేళ, మూడూ ఒకే ముడిలో పడతాయి. అప్పటి నుంచి వేబ్రిడ్జి వైపు పోవాలంటే కాళ్ళు బరువెక్కుతాయి. ఫోన్ సైలెంట్‌లో పెడతారు, పక్కవాడితో మాట్లాడిస్తారు, వేరే దారిన తిరిగి పోతారు. తప్పించుకున్న ప్రతిసారీ ఒళ్ళు తేలికపడుతుంది, ఆ తేలికే ఉచ్చు. తప్పించుకోబట్టే బతికామని మెదడు లెక్క వేసుకుంటుంది. ఫోన్ ఎత్తినా ఏమీ కాకపోయేదన్న సంగతి దానికి తెలిసే అవకాశమే ఉండదు.

సెలవు కూడా ఈ తప్పించుకోవడం కిందికే వస్తుంది. బెంగళూరులోని పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో సుమంత్ర చటర్జీ బృందం దీని మీద విలువైన పని చేసింది. ఎలుకల్ని పది రోజులు రోజుకు రెండు గంటలు కదలకుండా కట్టి ఉంచితే, హిప్పోకాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కురచబడ్డాయి, అమిగ్డలాలో మాత్రం అవి గుబురుగా పెరిగాయి. ఇది 2002 నాటి మాట. 2004లో వాళ్ళే ఇంకో సంగతి బయటపెట్టారు. ఆ ఎలుకల్ని 21 రోజులు ఏ ఇబ్బందీ లేకుండా వదిలేశారు. హిప్పోకాంపస్ మామూలుకు వచ్చింది. అమిగ్డలాలో పెరిగిన కొమ్మలు తగ్గలేదు, ఎలుకల బెదురూ తగ్గలేదు. ఎలుక కథను మనిషికి యథాతథంగా అంటించకూడదు, నిజమే. కానీ అలసట విశ్రాంతితో పోతుంది గానీ బుగులు పోదన్నది, అత్తగారింటికి పోయి వచ్చిన ఎవరినడిగినా చెప్తారు.

మరి ఎట్లా పోతుంది? ఆ ఎలుకకే శబ్దం వినిపిస్తూ షాకు ఇవ్వకుండా ఉంటే కొన్నాళ్ళకు బిగుసుకోవడం మానేస్తుంది. పాత ముడి విడిపోయిందని ఒకప్పుడు అనుకునేవారు. విడిపోలేదు. ఊరకే కొన్నాళ్ళు గడిస్తే మాన్పించిన పాత అలవాటు తిరిగి వస్తుందని, కుక్కల మీద ప్రయోగాలు చేసిన పావ్లోవ్ కాలం నుంచే తెలుసు. ఒక పెట్టెలో బెదురు వదిలించి ఇంకో పెట్టెలో శబ్దం వినిపిస్తే మళ్ళీ వస్తుందని మార్క్ బౌటన్ చూపించాడు. ప్యూర్టోరికోలో మొహమ్మద్ మిలాద్, గ్రెగరీ క్వర్క్ 2002లో చూపింది ఏమిటంటే, కొత్తగా నేర్చిన ధైర్యపు పాఠాన్ని గుర్తు చేసుకునేటప్పుడు ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో ఒక చోట నాడీకణాలు చురుకవుతాయి, ఎంత చురుకైతే బెదురు అంత తక్కువ. పాత పాఠం చెరిగిపోదు, దాని మీద కొత్త పాఠం ఒకటి చేరుతుంది. ఆ కొత్త పాఠం చోటును పట్టుకొని ఉంటుంది.

పనిలో పనికొచ్చేదంతా ఈ చివరి మాటలో ఉంది. బుగులు ఎక్కడ పట్టుకుందో అక్కడే, దాన్ని పట్టించిన ఫోనుతోనే, కొద్ది కొద్దిగా దింపుకోవాలి. ఇంట్లో కళ్ళు మూసుకొని ధైర్యం చెప్పుకుంటే అది ఇంటికే పరిమితం. ముందు ఒక దోస్తుతో చెప్పి, సేటుకు పెట్టిన రింగే అతని నంబరుకూ పెట్టుకొని, మీరు వేబ్రిడ్జి దగ్గర ఉన్నప్పుడు ఫోన్ చేయించుకోండి. ఎత్తి రెండు ముక్కలు మాట్లాడండి. దడ వస్తుంది, రానివ్వండి. అది దానంతట అది దిగేదాకా అక్కడే ఉండండి, సగంలో వెళ్ళిపోతే పాత లెక్కే బలపడుతుంది. రెండు మూడు రోజులు అదయ్యాక సేటుకు మీరే చేయండి. ఆయన చేసేదాకా ఆగకుండా, పొద్దున పదింటికి రోజూ మీరే ఫోన్ చేసి, ఇన్ని ట్రాలీలు వచ్చాయి, ఇంత తూకమైంది అని చెప్పండి. ఇందులో రెండు లాభాలు. ఎప్పుడు మోగుతుందో తెలియని ఫోను, మీరు ఎంచుకున్న వేళకు మారిపోతుంది. అడక్కముందే లెక్క చెప్పే మనిషి మీద యజమానికి నమ్మకం పెరుగుతుంది. కొరత పడిన రోజు కూడా పదింటికే చెప్పండి. ఆ ఒక్క ఫోను మిగతా అన్నిటికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఒకే రోజు ఇరవైసార్లు చేయడం కన్నా రోజుకు ఒకటి రెండుసార్లు, వరసగా కొన్ని వారాలు చేస్తే పాఠం నిలుస్తుంది. వేబ్రిడ్జి దగ్గర కుదిరాక ఆఫీసులో, ఆ తరవాత మిల్లులో చేయండి, చోట్లు మారితే కానీ అది అన్ని చోట్లకూ రాదు. ఇంకో హెచ్చరిక. మార్చిలో సీజన్ ముగిసి, మళ్ళీ అక్టోబరులో మొదటి ట్రాలీ గేటులోకి వచ్చిన రోజు బుగులు తిరిగి వస్తుంది. పావ్లోవ్ కుక్కలకూ పాత అలవాటు అట్లాగే తిరిగి వచ్చింది. చేసిందంతా వృథా అయిందని అప్పుడు కూలబడొద్దు. రెండోసారి దిగడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు.

ఇదే పద్ధతి యాక్సిడెంటు అయ్యాక బండి ముట్టని డ్రైవరుకు, కలెక్షనుకు పోయిన చోట గొడవ జరిగాక ఆ ఊరి పొలిమేర దాటని ఫైనాన్సు కుర్రాడికి, ఇన్‌స్పెక్షన్ రోజు గొంతు పోయి ఆ క్లాసుకే వెళ్ళలేని బడి టీచరుకూ పనికొస్తుంది. తిరుగుతున్న బెల్టు పక్కన నిలబడి ధైర్యం ప్రాక్టీసు చేయడానికి మాత్రం ఇది కాదు. అక్కడ భయపడాల్సిందే.

దడ పట్టుకున్న నిమిషంలో చేయదగ్గవి రెండే. ఊపిరి లోపలికి తీసుకున్న దానికన్నా బయటికి ఎక్కువసేపు వదలండి, మూడు నాలుగు నిమిషాలు. గుండె వేగం కొంత దిగుతుంది, అద్భుతాలేమీ జరగవు. రెండోది, ఉన్నదున్నట్టు పైకి అనడం. సేటు ఫోన్ అంటే నాకు బుగులయితుంది అని పక్కనున్న మనిషికి చెప్పండి. బొమ్మలోని ముఖంలో కనబడే భావానికి పేరు పెట్టినప్పుడు చూసేవాళ్ళ అమిగ్డలా చురుకు తగ్గడం మాథ్యూ లీబర్‌మన్ 2007లో స్కానింగుల్లో చూశాడు. మన దగ్గర మగవాళ్ళు ఈ మాట అనడానికి కల్లు దుకాణం దాకా పోవాల్సి వస్తోంది.

కల్లు సంగతి కూడా మాట్లాడుకోవాలి. మెదడులో నాడీకణాల్ని చల్లబరిచే గాబా అనే రసాయనం ఉంది. మద్యం దాని పని పెంచుతుంది. డయజిపాం, అల్‌ప్రజోలాం వంటి గోలీలు చేసేదీ ఆ పనే. తాగిన రాత్రి బుగులు తగ్గుతుంది. తెల్లారేసరికి మెదడు తక్కెడ రెండో వైపు మొగ్గి, ముందటి రోజు కన్నా ఎక్కువ దడతో లేస్తారు. అలవాటైన మెదడు మందు లేకుండా నిలబడలేదు. దీనికి తెలంగాణలో పెద్ద ఉదాహరణే ఉంది. చెట్టు కల్లు కాకుండా డయజిపాం, అల్‌ప్రజోలాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్లు ఏళ్ళ తరబడి అమ్ముడుపోయింది. 2015 సెప్టెంబరులో ఎక్సైజు దాడులతో అది ఒక్కసారిగా ఆగేసరికి మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో వందలమంది వణుకు, ఫిట్స్, పిచ్చి చూపులతో ఆసుపత్రులపాలయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు అల్‌ప్రజోలాం కలిసిన కల్లు తాగి కొందరి ప్రాణాలు పోయాయి.

కాబట్టి రోజూ తాగే అలవాటున్నవాళ్ళు, నిద్ర గోలీలు నెలల తరబడి వేసుకున్నవాళ్ళు, ఇది చదివి ఈ రాత్రి నుంచే బంద్ పెట్టకండి. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అల్‌ప్రజోలాం షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు, దుకాణంవాళ్ళు ఇచ్చినా తీసుకోకూడదు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రకం గోలీ ప్రభావంలో ఉండగా ఎలుకలకు బెదురు వదిలిస్తే, గోలీ లేని రోజున బెదురు తిరిగి వచ్చిందని బౌటన్ బృందం 1990లో చూపించింది. గోలీ వేసుకొని సేటుతో మాట్లాడే ధైర్యం నేర్చుకుంటే అది గోలీతోపాటే పోతుంది.

రొమ్ము బిగపట్టినంత మాత్రాన అదంతా బుగులే అనుకోవద్దు. జిన్నింగులో పనిచేసేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పత్తి దుమ్ము పీల్చేవాళ్ళకు బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. సెలవు తరవాత పనికి వచ్చిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోవడం, దగ్గు, ఆయాసం దాని తొలి గుర్తు. వారం గడిచేకొద్దీ తగ్గుతుంది, మళ్ళీ సెలవయ్యాక వస్తుంది. సెలవు ముగిసిన రోజే రావడంతో చూసేవాళ్ళకు పనిదొంగ వేషంలా, పనిచేసేవాళ్ళకు రందిలా అనిపిస్తుంది. ఇది చట్టం గుర్తించిన వృత్తి వ్యాధి, నష్టపరిహారం అడగదగ్గది. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం ఏమీ లేనిదానికన్నా నయం, దుమ్ము ఆపే మాస్కు ఇంకా నయం. సీజనల్ ఫ్యాక్టరీ కింద లెక్క కాబట్టి జిన్నింగు మిల్లు ఈఎస్‌ఐ పరిధిలోకి రాదు, ఆ కార్డు కోసం ఎదురుచూడకుండా ప్రభుత్వ ఆసుపత్రిలో ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోండి. ఛాతీ నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే, నడిస్తే పెరుగుతుంటే, అది గుండె అనుకొనే 108కి ఫోన్ చేయాలి. బుగులా కాదా అన్నది ఈసీజీ తరవాత చూసుకోవచ్చు.

భయం నిజమైనదైతే మెదడుకు పాఠాలు చెప్పడం అన్యాయం. సూపర్‌వైజరు చేయి వేస్తుంటే, జీతం పట్టి ఉంచి బెదిరిస్తుంటే అక్కడ మీ అమిగ్డలా తన పని సరిగ్గానే చేస్తోంది. ఆడవాళ్ళు పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం కింద, పదిమంది కన్నా తక్కువ ఉన్న చోటైతే జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. జీతం తగాదాకు కార్మిక శాఖ కార్యాలయం ఉంది. తేదీలు, మాటలు, చూసినవాళ్ళ పేర్లు ఆ రోజుకారోజు ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి.

రెండు మూడు వారాలుగా నిద్ర లేకపోయినా, కారణం లేకుండా ఒక్కసారిగా ప్రాణం పోతున్నట్టు దడ వచ్చి పోతున్నా, పనికి పోవడమే మానేసే దాకా వచ్చినా, డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రాత్రే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన టెలీ మానస్, డబ్బు కట్టేది లేదు, తెలుగులో మాట్లాడతారు, రాత్రింబవళ్ళు ఉంటారు. డాక్టరు మొదలుపెట్టే మందుల్లో కొన్ని పని చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, నాలుగు రోజులకే లాభం లేదని మానేయకండి.

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు కొన్ని సంగతులు కాగితం మీద రాసుకొని పోండి, లోపల కూర్చున్నాక సగం మరిచిపోతారు. ఎప్పటి నుంచి, ఏ చోట, ఏ వేళకు వస్తోంది. ఛాతీ బిగించేది సెలవు మరుసటి రోజేనా, రోజూనా. రోజుకు ఎన్ని చాయలు, కల్లు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ళుగా. రాత్రి డ్యూటీ వారానికి ఎన్ని రోజులు. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్, గుండె జబ్బు ఉందా. ఇంతకుముందు ఎవరు ఏ గోలీ ఇచ్చినా, ఆ ఖాళీ పట్టీ పారేయకుండా జేబులో వేసుకొని పోండి.